ఆటోనగర్‌లో పీఆర్ఐ కార్డులకి లైన్ ట్రాన్స్‌ఫార్మర్లు, చోక్‌లు చుట్టించా: షాపు ఎలా ఉందో చెప్తా

విజయవాడ ఆటోనగర్‌లో మోటార్ వైండింగ్ షాపులకి కొదవేం లేదు, గేటు దాటి లోపలికెళ్తే వార్నిష్ వాసనే దారి చూపిస్తుంది. కానీ పీఆర్ఐ కార్డులో (ఒకే డిజిటల్ లైను మీద చాలా ఫోన్ కాల్స్ తెచ్చే కార్డు) ఉండే ఆ బుల్లి లైన్ ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కనుండే చోక్ (నాయిస్‌ని ఆపే కాయిల్), ఇవి చుట్టిచ్చేవాళ్ళు దొరకడం మాత్రం కష్టమే. అలాంటి షాపు ఒకటి ఉంది, పేరు బోర్డు కూడా ఉండదు, ముందు గదిలో మోటార్లు, స్టెబిలైజర్లు, వెనక గదిలో ఒక టేబుల్ మీద ఫెర్రైట్ (అయస్కాంత సిరామిక్) కోర్ల పని. నేను విజయవాడ గుంటూరు మధ్య తిరుగుతూ ఈపీఏబీఎక్స్‌లు (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీలు), పీఆర్ఐ గేట్‌వేలు (పీఆర్ఐ లైనుని ఇంటర్నెట్ ఫోన్లకి కలిపే పెట్టెలు) సర్వీసింగ్ చేస్తుంటా, అందుకని ఈ షాపుతో పని పడింది. ముందే చెప్పేస్తున్నా, చోక్‌లకి ఐదుకి ఐదు, ట్రాన్స్‌ఫార్మర్లకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద ఉంది, అది సేఫ్టీ విషయం కాబట్టి దాటేసి వెళ్ళకండి.

అసలు పని ఎందుకు పడిందంటే, ఏప్రిల్ మే నెలల్లో మన దగ్గర సంగతి తెలిసిందేగా, మధ్యాహ్నం దాకా మాడు పగిలే ఎండ, సాయంత్రానికి ఈదురుగాలి, పిడుగులు. గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రికి రిసెప్షన్ కాల్స్ మొత్తం ఒక పీఆర్ఐ మీదే నడుస్తాయి. పిడుగు పడిన మర్నాడు కార్డు మీద రెడ్ అలారం, లైను పట్టట్లేదు. చూస్తే చిప్పు బతికే ఉంది, రిసీవ్ వైపు ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ తెగిపోయింది. కొత్త కార్డు కొనండి అంటే వాళ్ళేమో ఎలాగూ సిప్‌కి (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లకి) మారిపోతాం కదండీ అప్పటిదాకా లాగించండి అంటారు, ఆ అప్పటిదాకా అనేది ఎప్పటిదాకానో దేవుడికే తెలియాలి. ఒక ఆన్‌లైన్ షాపులో రీప్లేస్‌మెంట్ తెప్పిస్తే పైన అచ్చు ఒక రేషియో (రెండు వైండింగుల చుట్ల నిష్పత్తి), లోపల కొలిస్తే ఇంకో రేషియో, రిటర్న్ అడిగితే ఓపెన్ చేసిన పార్ట్ తీసుకోం అన్నారు. ఇక చుట్టించుకోవడమే నయం అనిపించింది.

పీఆర్ఐ నడిచే ఈ-వన్ లైను అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 64 కిలోబిట్ల స్లాట్లు 32 కలిపి 2.048 మెగాబిట్లు, జత వైరు మీద అయితే 120 ఓమ్స్, కోయాక్స్ అయితే 75. మన ఆఫీసుల్లోకి క్రోన్ బాక్స్ (టెలిఫోన్ వైర్లు కలిపే పెట్టె) నుంచి వచ్చేది ఎక్కువగా 120దే. ఒక్కో పల్స్ 244 నానోసెకన్లు, ఎత్తు 3 వోల్టులు, ఒకసారి ప్లస్ వస్తే తర్వాతది మైనస్, అంటే సగటున డీసీ ఉండదు, అందుకే ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోగలుగుతుంది. వరసగా మూడు సున్నాలకి మించి లైను మీద ఖాళీ రాకుండా హెచ్‌డీబీ3 కోడింగ్ చూసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకయ్యా అంటే ఎక్స్ఛేంజ్ ఎర్తు వేరు, మన బిల్డింగ్ ఎర్తు వేరు, మధ్యలో వోల్టేజీ తేడా వస్తే చిప్పు మీద పడకుండా, మనిషి మీద పడకుండా విడదీయాలి. ఇంకోటి, 3.3 వోల్టుల చిప్పు లైను మీద 3 వోల్టులు తోయాలి, మ్యాచింగ్ రెసిస్టర్లలో సగం పోతుంది కాబట్టి అసలు 6 కావాలి, అందుకే పంపే వైపు 1:2 రేషియో పెడతారు, కొన్ని చిప్పులు 1:2.4 అడుగుతాయి. రిసీవ్ వైపు చాలావాటికి 1:1 చాలు. చిప్పు డేటాషీట్ చూడకుండా రేషియో మాత్రం చెప్పకండి ఎవరికీ.

షాపాయన్ని అందరూ మాస్టారు అంటారు. నేను కాలిపోయిన పీస్ టేబుల్ మీద పెట్టి ఇలాంటిదే కావాలి మాస్టారూ అంటే ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. "ఇలాంటిది అంటే ఏది బాబూ, సైజా, టర్న్సా, ఇండక్టెన్సా? కొలిచేది ఏదైనా చెప్పు, అది ఇస్తా" అన్నాడు. నాకు ఆ మాటకే ఆయన మీద గురి కుదిరింది. మోటార్ వైండింగ్ వాళ్ళు సాధారణంగా పాతది విప్పి టర్న్స్ లెక్కపెట్టి మళ్ళీ అంతే చుట్టేస్తారు, ఇక్కడ ఆ పప్పులుడకవు, ఎందుకంటే పాత కోర్ ఏ మెటీరియలో మనకి తెలీదు, టర్న్స్ ఒకటే అయినా కోర్ మారితే ఇండక్టెన్స్ ఎటో పోతుంది.

సరే కూర్చుని లెక్కేశాం. ఆయన దగ్గరున్న రింగు కోర్లు 10000 పర్మియబిలిటీ (అయస్కాంత ఫ్లక్స్‌ని కోర్ ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే కొలత) రకం, ఏఎల్ విలువ 4000 నానోహెన్రీలు, అంటే ఒక టర్న్ చుడితే 4 మైక్రోహెన్రీలు, ఆ పైన టర్న్స్ స్క్వేర్ చొప్పున పెరుగుతుంది. నాకు లైను వైపు కనీసం 1.2 మిల్లీహెన్రీ కావాలి. లెక్క ప్రకారం 18 టర్న్స్ చాలు. కానీ ఈ హై పర్మియబిలిటీ కోర్లకి టాలరెన్స్ అటూ ఇటూ 30 శాతం, అడుగు విలువ పట్టుకుంటే ఏఎల్ 2800కి దిగిపోతుంది, అప్పుడు 21 కావాలి. మాస్టారు 22 చేద్దాం అన్నాడు, సరి సంఖ్య అయితే పంపే వైపు 11కి 22 శుభ్రంగా కుదురుతుంది అని. 22 అయితే కోర్ ఎంత నాసిది తగిలినా 1.35 పైనే ఉంటుంది, మామూలుది తగిలితే 1.9 దాకా వస్తుంది, ఎక్కువైతే మనకి నష్టం లేదు.

1.2 ఎందుకు, అర మిల్లీహెన్రీ చాలదా అని చాలామంది అడుగుతారు. పల్స్ వరకే చూస్తే చాలుతుంది కూడా. రెండు వైపుల 120లు కలిసి 60 ఓమ్స్ అనుకుంటే 1.2 మిల్లీహెన్రీకి టైం కాన్‌స్టంట్ 20 మైక్రోసెకన్లు, 244 నానోసెకన్ల పల్స్ పైభాగం ఒక్క శాతం చిల్లర వాలుతుంది, స్కోప్‌లో కంటికి కనపడదు. అర మిల్లీహెన్రీ పెట్టినా వాలు 3 శాతమే. కానీ జీ.703 అనే ఈ-వన్ లైన్ల ప్రమాణంలో ఇన్‌పుట్ రిటర్న్ లాస్ అని ఒకటుంది, మ్యాచింగ్ కుదరక వెనక్కి తిరిగే సిగ్నల్ ఎంత తక్కువో చెప్పే లెక్క, ఎంత ఎక్కువుంటే అంత మంచిది, కనీసం 51 కిలోహెర్ట్జ్ నుంచి 102 దాకా 12 డీబీ, అక్కణ్ణుంచి 2048 దాకా 18, ఆ పైన 3072 దాకా 14. ఆ 51 కిలోహెర్ట్జ్ దగ్గర 1.2 మిల్లీహెన్రీ అంటే దాదాపు 385 ఓమ్స్, 120 పక్కన పెడితే రిటర్న్ లాస్ 16 డీబీ వస్తుంది, పాస్. అదే అర మిల్లీహెన్రీ అయితే 160 ఓమ్స్, 9 డీబీకి పడిపోతుంది, ఫెయిల్. స్కోప్‌లో పల్స్ ముచ్చటగా ఉండి కూడా ఇక్కడ తన్నేస్తుంది. అందుకని చుట్టించేవాళ్ళు ఇండక్టెన్స్ విషయంలో మొహమాటపడకుండా కనీస విలువ రాసి ఇవ్వండి, టిపికల్ కాదు.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. ఇండక్టెన్స్ తేలికే, నాలుగు టర్న్స్ ఎక్కువ చుడితే వస్తుంది. తేలనిది లీకేజీ (ఒక వైండింగ్ నుంచి ఇంకోదానికి చేరని ఫ్లక్స్ వల్ల మిగిలే ఇండక్టెన్స్), వైండింగుల మధ్య కెపాసిటెన్స్. మాస్టారు మూడు రకాల శాంపిళ్ళు చేసి పెట్టాడు, నేను ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ కొలిచేది) తీసుకెళ్ళి అక్కడే కొలిచా. మొదటిది రింగుకి ఒక పక్క ప్రైమరీ, ఎదురు పక్క సెకండరీ, మధ్యలో ఖాళీ. చూడ్డానికి నీట్‌గా ఉంది, రెండు వైండింగుల మధ్య కెపాసిటెన్స్ 7 పికోఫారడ్లే, కానీ లీకేజీ 5 మైక్రోహెన్రీలు దాటేసింది, నాకు కావాల్సింది 0.8 లోపు. లీకేజీ ఎక్కువైతే పల్స్ అంచులు మొద్దుబారతాయి, పై ఫ్రీక్వెన్సీల్లో మ్యాచింగ్ పోతుంది. రెండోది మామూలు ఎనామిల్ వైర్లు మెలిపెట్టి కలిపి చుట్టింది, లీకేజీ 0.2కి దిగింది, కెపాసిటెన్స్ మాత్రం 60 దాటి కూర్చుంది. కెపాసిటెన్స్ పెరిగితే లైను మీద వచ్చే కామన్ మోడ్ చెత్త అంతా, అంటే రెండు వైర్ల మీదా ఒకేలా ఎక్కే లిఫ్ట్ మోటార్ నాయిస్, యూపీఎస్ నాయిస్, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా లేనట్టే చిప్పు వైపు దాటిపోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి.

మూడోది ట్రిపుల్ ఇన్సులేటెడ్ వైరుతో. రాగి మీద మూడు పొరల ఇన్సులేషన్ ఉంటుంది, మందంగా ఉంటుంది కాబట్టి మెలిపెట్టినా రాగికి రాగికి దూరం ఉంటుంది. మాస్టారు దగ్గర ఆ స్పూల్ ఉండదు, మనమే తెచ్చుకోవాలి, ఖరీదు ఎక్కువే. దీనికి లీకేజీ 0.6, కెపాసిటెన్స్ 25 చిల్లర. రెండూ నాకు కావాల్సిన గీత లోపలే. పంపే వైపుది చుట్టిన తీరు నాకు భలే నచ్చింది, మూడు వైర్లు ఒక చివర మేకుకి కట్టి రెండో చివర హ్యాండ్ డ్రిల్లుకి పెట్టి మెల్లగా తిప్పి మెలిపెట్టాడు, ఆ మూడు కలిపి రింగు మీద 11 టర్న్స్, తర్వాత అందులో రెండు వైర్లు సిరీస్ చేస్తే 22, కలిసిన చోటే సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసే వైరు), మిగిలిన ఒకటి చిప్పు వైపు 11. రేషియో అచ్చంగా 1:2, తేడా రావడానికి ఛాన్సే లేదు. మొదళ్ళన్నిటికీ ఎర్ర గోళ్ళ రంగు చుక్క పెట్టాడు, ఎండింగులకి ఏం లేదు. చివర్లు కలిపేటప్పుడు ఆ చుక్కే దిక్కు.

ఇక చోక్. ఇది చాలామంది అనవసరం అనుకుని పీకేసి జంపర్ వేసేస్తారు, లైను పనిచేస్తుంది కాబట్టి చాల్లే అనుకుంటారు. కామన్ మోడ్ చోక్‌లో జత వైర్లు రెండూ ఒకే కోర్ మీద ఒకే దిక్కులో చుడతారు. సిగ్నల్ ఒక వైరులో వెళ్ళి ఇంకో వైరులో వెనక్కి వస్తుంది, కోర్‌లో ఫ్లక్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, సిగ్నల్‌కి చోక్ ఉన్నట్టే తెలీదు. రెండు వైర్లలో ఒకే దిక్కుగా వచ్చే నాయిస్‌కి మాత్రం మొత్తం ఇండక్టెన్స్ అడ్డం నిలబడుతుంది. నేను ఈ రివ్యూ రాయడానికి ముఖ్య కారణం ఇదే, ట్రాన్స్‌ఫార్మర్‌ని విడిగా, చోక్‌ని విడిగా డిజైన్ చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్‌లో లీకేజీ తగ్గించుకోవడం కోసం మనం కెపాసిటెన్స్ కొంచెం ఒప్పుకున్నాం కదా, ఆ కెపాసిటెన్స్ గుండా దొంగచాటుగా దాటే నాయిస్‌ని ఆపేది చోక్. చోక్ ఉందనే ధైర్యంతోనే ట్రాన్స్‌ఫార్మర్‌ని మెలిపెట్టి చుట్టగలిగాం. పైగా చోక్‌లో రెండు వైర్లూ లైను వైపువే, వాటి మధ్య సేఫ్టీ ఇన్సులేషన్ గొడవ లేదు, మామూలు ఎనామిల్ వైరు మెలిపెట్టి చుట్టేయొచ్చు, దాని సొంత లీకేజీ కూడా చాలా తక్కువ వస్తుంది. మన ఈథర్‌నెట్ సాకెట్ల లోపల ఉండేది కూడా ఇదే జోడీ, ట్రాన్స్‌ఫార్మర్ ప్లస్ చోక్, కాబట్టి సిప్‌కి మారినా వీటి నుంచి మనకి విముక్తి లేదు.

చోక్ బిగించేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఒక వైండింగ్ చివర్లు తారుమారైతే ఫ్లక్స్ కొట్టేసుకునే బదులు కూడుకుంటుంది, నాయిస్‌కి దారి తెరుచుకుంటుంది, సిగ్నల్‌కి తలుపు మూసుకుంటుంది, కార్డు లాస్ ఆఫ్ సిగ్నల్ అంటుంది. మీరేమో చిప్పు పోయిందని కూర్చుంటారు. మాస్టారు చోక్‌లకి ఎర్ర వైరు ఒకటి, రాగి రంగు వైరు ఒకటి వాడతాడు, మొదళ్ళు రెండూ ఒకే పక్కకి తీసి ఇస్తాడు, అసలు తప్పు చేద్దామన్నా కుదరదు. ఐదుకి ఐదు ఊరికే ఇవ్వలేదు. తెచ్చిన చోక్‌లన్నీ కొలిచా, రెండు వైండింగుల మధ్య తేడా మీటర్‌లో కనపడనంత తక్కువ.

ఇప్పుడు ఆ తగ్గిన మార్కు సంగతి. లైన్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే 1500 వోల్టుల ఏసీ ఒక నిమిషం తట్టుకోవాలి. షాపులో ఉన్నది 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) ఒక్కటే. మాస్టారు దాంతో టెస్ట్ చేసి "ఇన్ఫినిటీ చూపిస్తోంది బాబూ, ఇంకేం కావాలి" అంటాడు. అది చాలదండి. మెగ్గర్‌లో ఇన్ఫినిటీ చూపించిన ఆ ఎనామిల్ శాంపిల్‌ని నేను తెలిసినవాళ్ళ ల్యాబ్‌లో హైపాట్ (హై వోల్టేజీ తట్టుకుంటుందో లేదో చూసే టెస్ట్) పెట్టిస్తే 1500 దాకా కూడా వెళ్ళకుండానే ఠప్ మంది, మెలిపెట్టేటప్పుడు ఎనామిల్ ఎక్కడో గీసుకుపోయి ఉంటుంది. ట్రిపుల్ ఇన్సులేటెడ్‌వి అన్నీ పాస్ అయ్యాయి. కాబట్టి ఇక్కడ చుట్టించుకున్న ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నీ బయట హైపాట్ చేయించి గానీ లైనుకి పెట్టకండి, ఎనామిల్ వైరుతో చౌకగా అయిపోతుంది కదా అని ఆశపడకండి. పాస్ అయినా సరే ఇవి సర్టిఫికెట్ ఉన్న పార్టులు కావు, రిపేరుకి, ప్రోటోటైప్‌కి ఓకే, మీరు కొత్త ప్రోడక్ట్ చేసి అమ్మేట్టయితే పేరున్న కంపెనీ మాగ్నెటిక్సే కొనండి.

రెండో కంప్లైంట్ మైనం. వైండింగ్ కదలకుండా ఆయన మైనం పోస్తాడు, మన ఎండాకాలంలో ఏసీ లేని మూసేసిన ర్యాక్‌లో అది కరిగి బోర్డు మీదకి కారింది. కోర్‌కి ఆ వేడి లెక్క కాదు, ఈ రకం ఫెర్రైట్‌కి క్యూరీ టెంపరేచర్ (అయస్కాంత గుణం పోయే వేడి) 130 డిగ్రీల దగ్గర ఉంటుంది, వేడికి ఇండక్టెన్స్ కాస్త పెరుగుతుంది కూడా, పడిపోయేది చలికే. మైనం వద్దన్నారు కదా అని గట్టి ఎపాక్సీ పోయించకండి, అది బిగుసుకుని కోర్‌ని నొక్కితే పర్మియబిలిటీ తగ్గిపోతుంది, అంత కష్టపడి లెక్కేసుకున్న ఇండక్టెన్స్ కాస్తా పోతుంది. మెత్తగా ఉండే సిలికాన్ కొద్దిగా పెట్టమనండి, పెడతాడు.

పిడుగుల గురించి కూడా ఒక మాట, ట్రాన్స్‌ఫార్మర్ మార్చి ఊరుకుంటే వచ్చే వేసవికి మళ్ళీ ఇదే కథ. లైను వైపు గ్యాస్ ట్యూబు, సిరీస్‌లో ఫ్యూజ్ లేదా రెసిస్టర్, చిప్పు వైపు తక్కువ కెపాసిటెన్స్ ఉన్న క్లాంప్ డయోడ్లు ఉండాలి. ఎందుకంటే రెండు వైర్ల మధ్య తేడాగా వచ్చే సర్జ్‌ని ట్రాన్స్‌ఫార్మర్ కోర్ శాచురేట్ అయ్యేదాకా (ఇక ఫ్లక్స్ పట్టనంత నిండేదాకా) బుద్ధిగా చిప్పుకి అందిస్తుంది. పవర్ సప్లైలో వాడే టీవీఎస్ (సర్జ్‌ని ఆపే డయోడ్) తెచ్చి లైను మీద పెట్టేవాళ్ళని చూశా, దానికి కెపాసిటెన్స్ వందల పికోఫారడ్లు ఉంటుంది, 300 పెట్టారంటే 3 మెగాహెర్ట్జ్ దగ్గర రిటర్న్ లాస్ 10 డీబీకి వచ్చేస్తుంది, కావాల్సింది 14. ఎర్తింగ్ సంగతి వేరే చెప్పాలా, ఆ ఆసుపత్రిలో ర్యాక్ ఎర్తు వైరు గోడ వెనకాల ఎక్కడికీ తగలకుండా వేలాడుతోంది.

కార్డుకి బిగించాక అలారం పోయింది, సీఆర్సీ ఎర్రర్లు (డేటా చెడిందని చూపే లెక్క) సున్నా, లైను నిలకడగా ఉంది. స్లిప్స్ (డేటా ముక్క ఎగిరిపోవడం లేదా రెండుసార్లు రావడం) మాత్రం అప్పుడప్పుడూ వస్తుంటే వాళ్ళు మళ్ళీ ట్రాన్స్‌ఫార్మర్ మీదే అనుమానపడ్డారు. స్లిప్ అనేది క్లాక్ తేడా వల్ల వచ్చేది, గేట్‌వేలో క్లాక్ సోర్స్ లైను నుంచి తీసుకునేట్టు మార్చగానే అవీ ఆగిపోయాయి.

ఐఎస్‌డీఎన్ యూ ఇంటర్‌ఫేస్ (ఎక్స్ఛేంజ్ నుంచి రెండు వైర్ల మీద వచ్చే డిజిటల్ ఫోన్ లైను) ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ఇక్కడ ఇవ్వకండి. వాటిలో లైన్ ఫీడ్ డీసీ పారుతుంది, గ్యాప్ ఉన్న కోర్ కావాలి, ఈ రింగు కోర్లు ఆ డీసీకి ఇట్టే శాచురేట్ అయిపోతాయి. మాస్టారు కూడా అది నా వల్ల కాదు బాబూ అని ముందే చెప్పేస్తాడు, లేనిది ఉందని చెప్పే మనిషి కాదు.

రేటు, వైరు మనం ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండొందల లోపే తీసుకున్నాడు, చోక్‌కి అందులో సగం. ఒక్కటి రెండు అంటే విసుక్కుంటాడు, పదో పన్నెండో కలిపి ఇవ్వండి, హైపాట్‌లో ఒకటి రెండు పోయినా పోవచ్చని లెక్కేసుకోండి. మోటార్ల సీజన్‌లో, అంటే పొలాలకి నీళ్ళు పెట్టే టైంలో, వెనక టేబుల్ ఖాళీగా పడుంటుంది, రేపు మాపు అంటాడు, అప్పుడు వెళ్ళి ఉపయోగం లేదు. ఫోన్ ఎత్తడు, పొద్దున పదికి ముందు వెళ్తే తీరిగ్గా మాట్లాడతాడు. వెళ్ళేటప్పుడు చిప్పు డేటాషీట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పేజీ ప్రింట్ తీసుకెళ్ళండి, రేషియో, కనీస ఇండక్టెన్స్, గరిష్ఠ లీకేజీ, గరిష్ఠ కెపాసిటెన్స్, ఈ నాలుగూ పెన్నుతో గీత గీసి ఇస్తే చాలు. ఎల్‌సీఆర్ మీటర్ కూడా మీదే పట్టుకెళ్ళండి, ఆయన దగ్గరున్నదానికి బ్యాటరీ ఎప్పుడూ ఉండదు.